నలభై ఒకటో పలక

దిగుడు 63వ ఏడు, వైశాఖం 3

కొత్త పుస్తకం. మొదటి పేజీలో పేర్లు రాయాలని నియమం. పాళ్లు: సుంకులమ్మ, అంటే నేను. తూకం: హుసేన్ పీరా. బట్టీ పెద్ద: మద్దిలేటి. కావలి అన్న చోట చెయ్యి అలవాటుకొద్దీ కాశమ్మ అని రాసేసింది. కొట్టేశాను. కొట్టేసినా కనిపిస్తూనే ఉంది. పేజీ చింపితే కాగితం దండగని మద్దిలేటి గొణుగుతాడు కాబట్టి అలాగే ఉంచాను.

కాశమ్మ నా చెల్లెలు. పోయి పదకొండు రోజులైంది.

బట్టీ పుస్తకంలో బట్టీ సంగతులే రాయాలి. ఆ నియమం పెట్టింది నేనే, కాబట్టి రాస్తాను. ఈ రోజు తెల్లపొడి తొమ్మిది మూకుళ్లు వచ్చింది. జల్లెడ పట్టించాను. స్ట్రాన్షియం, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన పొడి ఇది. ఒట్టిగా చూస్తే సున్నానికీ దీనికీ తేడా లేదు, గోడకు కొట్టుకోవచ్చు. వెయ్యి పాళ్ల పొడిలో పది పాళ్లు యూరోపియం వేసి కాలిస్తే ఎండ తాగి ఆకుపచ్చగా వెలుగుతుంది. ఇంకో ఇరవై పాళ్లు డిస్ప్రోసియం పడితే ఆ వెలుగు నిమిషాల్లో ఆరిపోకుండా ఎనిమిది గంటలు నిలుస్తుంది. ఈ కాస్తంత కలపడాన్ని మేం పిసరు వెయ్యడం అంటాం. పలకంతా తెల్లపొడే గానీ గుణమంతా పిసరుదే.

అందుకే పాళ్లు చూసేవాళ్లకు పొగరు ఉంటుందంటారు. నాకుంది.

ఎండలు ఓపలేక మా పెద్దలు దిగిన ఈ బిలాల్లో వెలుగంతా ఈ పలకలదే. పడమటి బిలంలో నీళ్లబావికి దిగే మెట్ల పక్కన పన్నెండు పలకలు తగిలించాం. ఎండ నుంచి దించాక ఎనిమిది గంటలు వెలగాల్సినవి మూడు గంటలకే మసకబారుతున్నాయని ఎవరూ గమనించలేదు, ఆ వేళప్పుడు నీళ్లకు ఎవరూ దిగరు. ఆ రోజు కాశమ్మ కడవతో దిగుతూ మెట్టు కనిపించక పడింది. ఇదీ బట్టీ సంగతే. ఆ పన్నెండూ మేం కాల్చినవే, ఏడో కాల్పువి.

తూకం పట్టే పీరన్నకు డెబ్బై ఏళ్లు, చెయ్యి వణుకుతుంది. వణికి డిస్ప్రోసియం తక్కువ తూచాడని బిలమంతా ఒకటే మాట. ఈ నెల ఇరవై ఎనిమిదిన పెద్దల పంచాయితీ. తప్పు అతనిదని తేలితే జ్యేష్ఠం పాడ్యమికి పైకి పంపుతారు. ఈ ఎండల్లో పైన పొద్దు రెండు జాములు దాటితే పడుచువాడే నిలవలేడు. డెబ్బై ఏళ్ల మనిషి సంగతి అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనరు. పంపడం అంటారు, అంతే.

ఆ మాట విన్నప్పుడు నాకు జాలి కలగలేదు. మంచిదే అనుకున్నాను. నిజమే రాయాలి కదా ఇందులో.

వైశాఖం 6

కాల్పు లేదు. బట్టీ లోపలి బూడిద ఎత్తించాను.

కాశమ్మ పోయిన మర్నాడే జనం కోపంతో ఆ పలకల్ని బద్దలు కొట్టారు. పదకొండు పగిలాయి. పన్నెండోది నేను ముందే దించి, గోనెపట్టా చుట్టి, బట్టీ వెనక గదిలో గోడకు ఆనించి దాచాను. వరసలో దాని అంకె నలభై ఒకటి. దాని మీద నూనె మరక ఉంది. కాశమ్మ తలకు రాసుకునే వేరుశనగ నూనె. మనిషి పోయాక నా చేతిలో మిగిలింది అదొక్కటే, పగలగొట్టనిస్తానా?

మరక ఎలా పడిందో పాత పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది. తెల్లవారగానే పలకల్ని పైకెత్తి, గుట్ట వాలులో ఇనప కాళ్ల మీద వరసగా నిలబెడతాం. ఎండ ముదరక ముందే దించుతాం. ఆ మధ్యలో ఒక మనిషి కావలి. కావలి మనిషి తిరుగుతూ ఉండాలి, గాలికి దుమ్ము పడితే తుడవాలి. మా కాశమ్మ తిరగదు. గబగబా ఒక చుట్టు చుట్టి, దుమ్ము తుడిచి, వరసలో చివర, గాలి వైపున ఉండే నలభై ఒకటో పలక ముందు రాయి మీద కూర్చుని, పలకకు వీపు ఆనించి, తల ఒక పక్కకు వాల్చి, దించేదాకా అక్కడే ఉంటుంది. రోజూ అదే చోటు, అదే కూర్చోవడం.

"పలక ఎండ తాగాల్నా, నీ వీపు తాగాల్నా?" అని అరిచాను ఒకసారి.

"ఈ పలక నాతో సావాసం చేసిందక్కా. ఇడ్సిపెట్టదు," అని నవ్వింది.

పోయిన మాఘం నుంచి నాలుగుసార్లు రాశాను: కావలి కాశమ్మ 41వ పలకకు ఆనుకుని కూర్చుంటోంది, మందలించాను. నాలుగోసారి 'బద్ధకం' అని కూడా చేర్చాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ నాతో చెప్పీ చెప్పీ పోయింది.

వైశాఖం 9

ఈ రోజు పన్నెండో కాల్పు. పొద్దున్నే నిప్పు వేశాం. మధ్యాహ్నానికి వేడి అందుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

వెనక గదికి గరిటె కోసం వెళ్లాను. ఆ గదిలో వెలుగు పలక లేదు, తలుపు మూస్తే కన్ను పొడుచుకున్నా కనిపించదు. గోనెపట్టా కింద నుంచి ఆకుపచ్చ వెలుగు కారుతోంది.

పదహారు రోజులుగా ఎండ ముఖం చూడని పలక అది. అందులో వెలుగు మిగిలే వీల్లేదు. పట్టా లాగాను. బట్టీ గోడ సెగ తగిలిన కింది భాగం వెలుగుతోంది, మామూలు పలకల కంటే గట్టిగా. ఆ వెలుగు మధ్యలో మసక చీకటి. పరికిణీ కుచ్చిళ్లు, మడిచిన మోకాలు, పక్కకు జారిన జడ కొస.

పలకను గోడకు దూరంగా జరిపి, చల్లారేదాకా దాని ముందు నేల మీద కూర్చున్నాను. చల్లారుతున్న కొద్దీ వెలుగు తగ్గింది, దానితోపాటు మోకాలూ జడా పోయాయి. కాల్పు చూసుకోవాల్సినదాన్ని చూసుకోలేదు. మద్దిలేటి వచ్చి తిట్టాడు. తిట్టనీ.

వైశాఖం 12

మూడు రోజులుగా ఏం చేస్తున్నానో రాయాలంటే సిగ్గుగా ఉంది. పని ముగిశాక బట్టీలోంచి వేడి ఇటుక పట్టుకారుతో తీసి, గుడ్డ చుట్టి, వెనక గదికి వెళ్తున్నాను. పలక వెనక ఇటుక పెట్టిన చోట వెలుగు లేస్తుంది, ఆ మేరకు కాశమ్మ కనిపిస్తుంది. నిన్న నడుము. ఈ రోజు ఎడమ భుజం. రవికె చేతి అంచు కూడా తెలిసింది.

ఒకసారి సెగ తగిలిన చోట మళ్లీ ఇటుక పెడితే ఏమీ రాదు. మొదటిరోజు చూసిన మోకాలి కోసం రెండుసార్లు వేడి చేశాను. ఉత్త రాయి. చూసిన మేరకు ఖర్చవుతోందని అర్థమయ్యాక కూడా నిన్న వెళ్లాను, ఈ రోజూ వెళ్లాను. కాశమ్మ నన్ను చూస్తే తెగ నవ్వేది. కడుపు నిండా సంగటి తిని, చట్టిలో ఇంకా ఉందేమోనని తడుముకునే రకం అని నన్ను ఏడిపించేది.

ఇంక మిగిలింది మెడ నుంచి పైభాగం, కుడి భుజం, జడ మొదలు. రేపు వెళ్లను.

వైశాఖం 14

నిన్న వెళ్లలేదు. బదులుగా పీరన్న దగ్గరికి వెళ్లాను. అతన్ని తూకం నుంచి తప్పించారు. బిలం గోడలో తొలిచిన తన గూట్లో కూర్చుని చింతగింజలు ఒలుస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడితే లేవబోయాడు. అతనితో మాట్లాడి ఇరవై రోజులైంది.

"రామ్మా, కూసో. తిట్టేకి వచ్చినా కూసొనే తిట్టు," అన్నాడు.

పలక సంగతి చెప్పలేదు. ఎండ తాగిన పలక వెలుగు ఇవ్వకుండా దాచుకుంటుందా అని అడిగాను. ఆ ప్రశ్న వినగానే మనిషి ముఖం మారిపోయింది. పనిలో పడ్డప్పటి పీరన్న అయిపోయాడు. నాకు పదిహేనేళ్ల కిందట పాళ్లు నేర్పిన మనిషి ఇతనే అని అప్పుడు గుర్తొచ్చింది.

"ఎండ తగిల్తే యూరోపియం కాడ ఎలక్ట్రాను ఎగుర్తాది. ఎగిరింది తిరిగి పడేలోపల గుంతలో పడ్తాది. ఆ గుంత తవ్వేది డిస్ప్రోసియం. లోతు తక్కువ గుంత కాబట్టి ఈ బిలం వెచ్చదనానికే ఒగటొగటే ఎక్కి వస్తాది, వచ్చినప్పుడు వెలుగిస్తాది. అట్ల ఎనిమిది గంటలు వస్తానే ఉంటాది. గుంత లోతెక్కువైతే ఎక్కలేక ఆడ్నే కూసుంటాది. ఏండ్లు కూసుంటాది. సెగ పెడితే గానీ లెయ్యదు."

"లోతు గుంత ఎవరు తవ్వుతారు?"

"మనం ఎయ్యని పిసరు ఏదో పడింటాది. పిలవని పేరంటం." నా వైపు చూశాడు. "ఏంటికి అడుగుతావుండావు?"

ఊరికే అన్నాను. లేచేటప్పుడు, తూకంలో తప్పు జరిగిందా అని ముఖం మీదే అడిగాను. అతను వణికే కుడిచెయ్యి ఎత్తి చూపించాడు.

"చెయ్యి వణుకుతాదమ్మా. నేను లేదన్లే. ఊపిరి బిగబట్టి, ముల్లు నిలబడేదాకా చూసి, అప్పుడు దించుతా. చెయ్యి వణుకుతాది గానీ తూకం వణకదు."

వైశాఖం 17

ప్రతి కాల్పుకూ కలిపిన పొడిలో ఒక గరిటెడు తీసి, అంకె వేసిన సీసాలో దాస్తాం. మొన్న ఏడో సీసా తెరిచాను. రెండు చిన్న మూసలకు సరిపడా ఉంది. అంతకంటే లేదు.

మొదటి మూస మామూలుగా కాల్చాను. గోరంత బిళ్ల వచ్చింది. నిన్న పొద్దున ఎండకు పెట్టి దించి చూశాను. ఎనిమిది గంటలా పది నిమిషాలు వెలిగింది. తూకం సరిగ్గా ఉంది. పీరన్న చెయ్యి సరిగ్గా ఉంది.

తర్వాత చాలాసేపు రెండో మూస ముట్టుకోలేదు. ఏడో కాల్పు రోజు బట్టీలో ఏం పడిందో నాకప్పటికే తెలిసిపోయింది.

మాఘం మొదట్లో కాశమ్మకు జ్వరం. తొమ్మిది రోజులు తగ్గలేదు. మందులు అయ్యాయి, కషాయాలు అయ్యాయి. ఆ పిల్ల జడ చూసి బిలంలో ఆడవాళ్లందరికీ కళ్లే. నేను దిష్టి తీశాను. గుప్పెడు కల్లుప్పు, ఏడు ఎండుమిరపకాయలు పట్టుకుని, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి ఇంట్లోవాళ్ల దిష్టి అని మూడుసార్లు తిప్పాను. దిష్టి ఉప్పు నిప్పులోనే పడాలి. ఇక్కడ ఇళ్లలో నిప్పు లేదు, గాలి చాలదని దిగిన నాడే మాన్పించారు. బిలం మొత్తానికి ఉన్న నిప్పు ఒక్కటే, బట్టీ. ఏడో కాల్పు మండుతోంది. పై మూత జరిపి వేసేశాను. మిరపకాయలు చిటపటమన్నాయి గానీ ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే చాలా దిష్టి ఉన్నట్టు లెక్క. ఎంత దిష్టి పోయిందో అని సంతోషపడ్డాను. మూడోరోజుకు జ్వరం దిగింది కూడా.

ఘాటు పొగ గొట్టంలోంచి పోయింది. ఉప్పు ఆవిరై పలకల్లోకి పోయింది.

నిన్న రాత్రి రెండో మూసలో చిటికెడు ఉప్పు వేసి కాల్చాను. ఈ పొద్దున ఎండకు పెట్టాను. దించాక మూడు గంటలకే మసకబారింది. పూర్తిగా ఆరిపోయాక వేడి ఇటుక మీద పెడితే ఆకుపచ్చగా లేచింది.

సోడియం వెళ్లి స్ట్రాన్షియం చోట కూర్చుని గుంతల్ని లోతు చేసింది. పాళ్లు చూసేదాన్ని నేను, జల్లెడ దగ్గర ఒక వెంట్రుక పడితే మూకుడు మొత్తం పారబోయించేదాన్ని నేను. కంచే చేను మేసింది. నా చెల్లెల్ని బతికించుకుందామని వేసిన ఉప్పు నా చెల్లెల్ని చంపింది. రాశాను. ఇప్పుడు ఇది పుస్తకంలో ఉంది.

వైశాఖం 20

పీరన్నకు అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ చింతగింజలు ఒలుస్తూనే ఉన్నాడు. నేను ఏడుస్తుంటే ఆపమనలేదు.

చివరికి అన్నాడు: "యెవరికన్నా చెప్పినావా?"

"లేదు."

"చెప్పొద్దు. నాకు డెబ్బై. ఇంగ తూకం పట్టే రోజులు ఎన్ని ఉండాయి? నిన్ను పంపితే ఈ బిలానికి పాళ్లు యెవురు సూస్తారు? మద్దిలేటా? వానికి ఉప్పుకీ పప్పుకీ తేడా తెల్దు."

"నీ మీద నింద పడుతుంది కదన్నా."

"పడితే పడనీ. కాశమ్మను సంకనేసుకుని తిప్పినోన్ని. ఆ పిల్లే లేదు, నింద ఒగ లెక్కా?" చెయ్యి తుడుచుకుని నా తల మీద పెట్టాడు. వణుకుతోంది.

బయటికొచ్చాక నాకు తేలిగ్గా అనిపించింది. అది రాయకపోతే ఈ పుస్తకానికి అర్థం లేదు. ఒక్క క్షణం నిజంగానే తేలిగ్గా అనిపించింది. ఆయనే ఒప్పుకున్నాడు కదా అనుకున్నాను. గూటికి చేరేలోపు నా మీద నాకే అసహ్యం వేసింది.

వైశాఖం 26

పదమూడో కాల్పు. పాళ్లు సరి. కొత్త తూకం మనిషి ఊపిరి బిగబట్టడు. చెప్పాను.

రెండు రోజుల్లో పంచాయితీ. ఉత్త నోటిమాటగా చెబితే నమ్మరు. చెల్లెలు పోయి మతి చలించింది, ముసలాయన మీద జాలితో అబద్ధమాడుతోంది అంటారు. ఏడో సీసా ఖాళీ చేశాను. నా బిళ్లలు చూపిస్తే ఇవి నువ్వు నిన్న చేసినవి అంటారు, అది నిజమే. పగిలిన పదకొండు పలకల్నీ పిండి చేసి కొత్త మెట్ల కింద పోశారు. ఏడో కాల్పు వెలుగు ఇవ్వకపోవడం కాదు, దాచుకుందని చూపించే వస్తువు లోకంలో ఒక్కటే ఉంది. అది వెనక గదిలో గోనెపట్టాలో ఉంది.

మెడ, తల, కుడి భుజం, జడ మొదలు. నేను ఇటుకలతో తినగా మిగిలింది అంత. దాన్ని వేడి చేస్తే అందరూ చూస్తారు, తర్వాత ఎవరూ చూడరు. నేనూ చూడను. ఆ ముఖం పక్కవాటుగా వాలి ఉంటుందని మాత్రం తెలుసు, నేనింకా చూడలేదు. ముసలితనంలో ఎప్పుడో ఒకసారి చూద్దామని దాచుకున్నాను.

ఈ రోజు వెళ్లి పట్టా మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నూనె వాసన ఇంకా కొంచెం ఉంది.

వైశాఖం 28

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రెండో జాముకు నడిమి బిలంలో అందరూ చేరారు. పెద్దలు ఐదుగురు కట్ట మీద. పీరన్న కింద, ఉతికిన చొక్కా వేసుకుని. మద్దిలేటి ఏడో కాల్పు వివరాలు చదివాడు. పీరన్నను అడిగితే, "నా చెయ్యే అనుకోండి," అన్నాడు.

నేను లేచి, "కాదు," అన్నాను. ఉప్పు సంగతి చెప్పాను. కూర్చున్నవాళ్లలోంచి గుసగుస లేచింది. నేను అనుకున్నట్టే పెద్దాయన ఒకరు, "ఆ పాప బాధలో ఉండాది, కూసోబెట్టండప్పా," అన్నాడు.

పలక తెప్పించాను. గోడల మీది పలకలన్నిటికీ గుడ్డలు కప్పమన్నాను. మద్దిలేటి ఒప్పుకోలేదు. పీరన్న లేచి తనే మొదటి గుడ్డ కప్పాడు. అప్పుడు మిగతావాళ్లూ కప్పారు. పూర్తిగా మొబ్బు, చిమ్మచీకటి అయింది. పిల్లలు తల్లుల్ని పిలిచారు.

ప్రతి పలక వెనకా జింకు పూత ఉంటుంది. జింకు ఆక్సైడు మామూలుగా కరెంటును పెద్దగా పారనివ్వదు. అందులో అల్యూమినియం పిసరు వేస్తే అద్దంలా తేటగా ఉంటూనే తీగలా పారిస్తుంది. వానాకాలంలో ఆ పూతతో పలకను గోరువెచ్చన చేసి, మిగిలిన వెలుగు రాబడతాం. నేను బిలానికున్న కాస్త కరెంటులోంచి రెండు తీగలు తగిలించి, మామూలుకు నాలుగు రెట్లు పారించాను. వేడి వాసన వచ్చింది. ఇంకా ఏమీ లేదు. ఎవరో దగ్గారు.

తర్వాత అంచుల నుంచి వెలుగు లేచింది. పై సగమంతా ఆకుపచ్చగా, బిలం పైకప్పు కనిపించేంత గట్టిగా. దాని మధ్యలో మా కాశమ్మ. తల ఎడమకు వాల్చి, గడ్డం కొంచెం పైకెత్తి ఉంది. చెవి దగ్గర విడిపోయిన వెంట్రుకలు కూడా విడివిడిగా తెలిశాయి. మాఘం నుంచి చైత్రం దాకా రోజూ పొద్దున ఆమె వీపు ఆనిన మేర ఎండ పడలేదు. మిగతా అంతా లోతు గుంతల్లోకి రోజు రోజూ నిండుతూ వచ్చింది.

నీళ్లు మోసే ఖాజాబీ, "యల్లా! కాశమ్మే!" అని అరిచింది.

నేను లెక్కపెట్టాను. పని అలవాటు. నూట నలభై దాకా బాగా ఉంది. రెండు వందలకు చెవి దగ్గర వెంట్రుకలు పోయాయి. రెండు వందల అరవైకి తలా చీకటీ ఒకటైపోయాయి. తీగలు తీసేయమని మద్దిలేటి మెల్లగా అన్నాడు. తియ్యలేదు. పూర్తిగా ఆరిపోయేదాకా ఉంచాను, ఎందుకంటే కొంచెం మిగిలితే నేను మళ్లీ ఇటుకతో వెళ్తానని నాకు తెలుసు.

గుడ్డలు తీసేసరికి పీరన్న ఏడుస్తున్నాడు. పెద్దలు పీరన్న తప్పు లేదన్నారు. నా సంగతి వచ్చేసరికి తలలు వంచుకున్నారు. ఖాజాబీ లేచి, "మాకు జ్వరాలొస్తే మేమూ ఆ బట్టీలోనే ఏసినాం కదప్పా ఉప్పు. ఏ కాల్పులో ఏసినామో ఎవురికి గుర్తు?" అంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా అవునన్నారు. తిలా పాపం తలా పిడికెడు. బట్టీ మూతకు తాళం వెయ్యాలన్నారు. నన్ను పైకి పంపడం లేదు. ఖాళీగా ఉన్న కావలి పని ఏడాది పాటు నేనే చెయ్యాలి. పొద్దున పాళ్లు పీరన్న చూస్తాడు.

అందరూ లేస్తుంటే మద్దిలేటి నా దగ్గరికి వచ్చి, "వానాకాలానికి ఉప్పు పలకలు ఒగ వరస చేసి చూస్తే? ఎండ దాచి పెట్టుకోవచ్చు గదా?" అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది. ఆలోచన మాత్రం మంచిదే.

జ్యేష్ఠం 1

కావలి: సుంకులమ్మ. మొదటి రోజు.

పీరన్నను పంపాల్సిన రోజున నేను ఎక్కాను. అతను నిచ్చెన దాకా వచ్చి, సద్ది మూట చేతికిచ్చి, తలకు గుడ్డ గట్టిగా కట్టుకోమని నాలుగుసార్లు చెప్పాడు.

పగిలినవాటి చోట కొత్తవి చేర్చి నలభై పలకలు నిలబెట్టారు. నలభై ఒకటో దాన్ని కూడా తెచ్చి వరస చివర, దాని పాత చోట, పాత ఇనప కాళ్ల మీద పెట్టారు. ఆ చోటు నలభై రోజులుగా ఖాళీ. ఎత్తినవాళ్లు కిందికి దిగిపోయారు. నేను నియమం ప్రకారం తిరిగాను. దుమ్ము తుడిచాను. కూర్చోకూడదని ముందే అనుకున్నాను.

పొద్దు బారెడెక్కాక వెనక నుంచి గాలి మొదలైంది. మిగతా పలకలు కదల్లేదు. చివరిది టకటకమని కొట్టుకుంది. వెళ్లి చూస్తే దాని కాలు బిగించిన మేకు రాతిలో వదులై ఉంది. వేలు పెడితే తిరుగుతోంది. కొట్టి దించుదామంటే కింద రాయి పగిలి ఉంది, మేకు పట్టదు. ఇంకో గాలి వచ్చింది. పలక నా మీదికి ఒరిగింది. రెండు చేతులతో పట్టుకుని వెనక్కి నెట్టాను. వదిలితే మళ్లీ ఒరిగింది. వాలు కింద అంతా బండలే.

కిందికి కేక వేస్తే వినపడదు. చేతులు అరగంటకే లాగేశాయి. పట్టుకోవడానికి వేరే దారి ఏముందా అని చుట్టూ చూశాను. పలక ముందు, సరిగ్గా మనిషి కూర్చునేంత దూరంలో, ఆ రాయి ఉంది. దాన్ని ఎవరో వేరే చోటు నుంచి దొర్లించుకొచ్చి వేసిన గీత నేల మీద ఇంకా ఉంది.

కూర్చుని, కాళ్లు తన్నిపెట్టి, వీపు ఆనించాను. టకటక ఆగిపోయింది.

మూడు నెలలు. రోజూ, దించేదాకా. కాశమ్మ ఒక్కరోజు కూడా చెప్పలేదు. చెబితే పలక తీసేస్తారనుకుందో, బావి మెట్ల దగ్గర చీకటవుతుందనుకుందో, నేను అరుస్తాననుకుందో నాకు తెలియదు. నేను పుస్తకంలో బద్ధకం అని రాశాను.

గాలి గట్టిగా ఉన్నప్పుడు మెడ బిగుసుకుంటుంది. తల ఎడమకు వాలిస్తేనే బరువు భుజం మీద సరిగ్గా పడుతుంది.

ఇదంతా దిగాక రాస్తున్నాను. పాత పుస్తకం తెరిచి ఆ నాలుగు చోట్లా కొట్టేశాను. రేపటికి కొత్త మేకు, సున్నం, ఒక సుత్తి కావాలని మద్దిలేటికి చెప్పాను. ఇస్తానన్నాడు. అవి వచ్చేదాకా పలకను నేను పట్టుకుంటాను.